పాత పద్మిని కారు ముందు సస్పెన్షన్: ఏది ముందు ముట్టుకోవాలి, దేన్ని ఆఖరికి వదిలెయ్యాలి

పాత కారు మలుపుల్లో ఒరిగిపోతోంది అని ఎవరితోనైనా అని చూడండి, సలహా ఒకటే వస్తుంది: "స్ప్రింగులు ఒక చుట్టు కోయించెయ్ గురూ, బండి కిందకి దిగుతాది, రోడ్డుకి అతుక్కుపోతాది." నేను ఆ మాట విని కోయించాను. తర్వాత ఏడాదిపాటు డబ్బులూ ఆదివారాలూ తగలేసి దాన్ని మళ్ళీ దారిలో పెట్టుకున్నాను. ఆ ఏడాదిలో తెలిసొచ్చినదంతా ఇక్కడ చెబుతాను, కనీసం మీరైనా ఆ మొదటి తప్పు వదిలేసి నేరుగా పనిలోకి దిగొచ్చు.

నాది 1991 ప్రీమియర్ పద్మిని. నాన్న వైజాగ్ పోర్టులో పనిచేసేటప్పుడు కొన్నది. ఆయన రిటైరయ్యాక ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు కవరు కింద చాలాకాలం నిద్రపోయింది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఇది ఇటలీ ఫియట్ 1100డి కారే, ప్రీమియర్ వాళ్ళు ముంబై కుర్లాలో చేసేవారు. 1089 సీసీ ఇంజిన్, నలభై హార్స్‌పవర్ అటూ ఇటూ, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ముందు ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగు, షాకబ్జరు, రెండు పక్కల్నీ కలుపుతూ, ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్. వెనక రెండు చక్రాలకీ కలిపి అడ్డంగా ఒకే ఇరుసు, కమాన్ పట్టీలు. అంటే ముందు వైపు డిజైను చాలా మంచిదే, డబుల్ విష్‌బోన్ అని ఇప్పటి ఖరీదైన కార్లకి గొప్పగా చెప్పుకునేది అదే. అంబాసిడర్ ఉన్నవాళ్ళకి ముందు కాయిల్ స్ప్రింగు బదులు టార్షన్ బార్ ఉంటుంది కాబట్టి కింద నేను చెప్పే స్ప్రింగు లెక్క సరిపోదు, మిగతాది చాలావరకు పనికొస్తుంది.

ముందు నా ఘనకార్యం. ఒక షెడ్డులో గ్యాస్ కటింగుతో ఒక చుట్టు లేపేశారు. బండి చూడ్డానికి భలే ఉంది, బీచ్ రోడ్డులో నిలబెడితే కాలేజీ కుర్రాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఆ వారమే సింహాచలం కొండ మీంచి దిగుతుంటే మలుపు మధ్యలో రోడ్డు కాస్త ఎత్తుగా లేచిన చోట "టంగ్" మని చప్పుడొచ్చి, ముందు చక్రాలు ఒక్క క్షణం నా మాట వినడం మానేసి బయటి అంచుకి జారాయి. స్పీడు ఎంతనుకున్నారు, నలభై కూడా లేదు. పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు, ఇంటికెళ్ళాక కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

మర్నాడు కంచరపాలెంలో నాన్నకి తెలిసిన పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన జాకీ కూడా ఎత్తలేదు, చక్రం పక్కన గొంతుక్కూర్చుని లోపలికి టార్చి వేసి చూసి, "ఏటి బావూ ఇది, స్ప్రింగుకి గ్యాసెట్టీసేరా? కాళ్ళిరగ్గొట్టి పరిగెట్టమన్నట్టుంది" అన్నాడు. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు గానీ, ఎందుకలా అయిందో లెక్కతో చెబుతాను.

కాయిల్ స్ప్రింగులో పనిచేసే చుట్లు తగ్గితే అది గట్టిపడుతుంది. ఎనిమిది చుట్లున్న దాంట్లో ఒకటి తీస్తే ఏడింట ఎనిమిది, అంటే 14 శాతం గట్టిపడిందన్నమాట. కానీ బండి అంగుళం పైనే కిందకి దిగిపోయింది, ఆర్మ్‌కీ దాన్ని ఆఖర్న ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య ఉన్న ఖాళీలో సగం అక్కడే అయిపోయింది. 14 శాతం గట్టిదనంతో ఆ సగం ఖాళీని కాపాడుకోలేం. మలుపులో బయటి వైపు చక్రం మీద బరువు పడి, పైగా గతుకొచ్చినప్పుడు ఆర్మ్ పోయి బంప్ స్టాప్‌ని కొడుతుంది, ఆ క్షణంలో స్ప్రింగు లేనట్టే, చక్రానికి బాడీ నేరుగా తగిలినట్టే, టైరు జారుతుంది. నాకు వినపడిన "టంగ్" అదే. ఇంకో సంగతి, బండిని దించితే బరువు కేంద్రం ఎంత దిగుతుందో అంతకన్నా ఎక్కువగా రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) దిగిపోతుంది చాలా కార్లలో, అందుకని దించిన బండి ఒరగడానికి ఇంకా తేలిగ్గా ఒప్పుకుంటుంది. గ్యాస్ మంట సంగతి సరేసరి, ఆ వేడికి స్ప్రింగు స్టీలుకి ఉన్న టెంపర్ (స్ప్రింగు గుణం ఇచ్చే గట్టిదనం) ఆ చివర పోతుంది, తర్వాత అక్కడ కుంగుతుంది లేదా విరుగుతుంది.

సరే, అసలు పని. మొదటి రోజు ఒక్క పార్టు కూడా కొనొద్దు, ఎక్కడ ఎంత ప్లే, అంటే వదులు, ఉందో చూడ్డమే పని. ఇంతకాలం తిరిగిన పద్మిని మలుపులో తూలుతోందంటే పదింట తొమ్మిదిసార్లు ఎక్కడో అరిగిపోయి వదులైపోయిందని అర్థం. అరుగుదల ఉండగా గట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జర్లు వేస్తే ఆ వదులు ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ముందు చక్రాలు ఎత్తి స్టాండ్ల మీద పెట్టండి. ఇటుకలొద్దు, సిమెంటు దిమ్మలొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12 దగ్గరా 6 దగ్గరా పట్టుకుని ఊపండి. కదిలితే అది వీల్ బేరింగా, కింగ్‌పిన్నా (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ నిలువు పిన్ను) అన్నది తెలియాలి. దానికి ఒక చిట్కా ఉంది. మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా నొక్కమన్నాను. బ్రేకు నొక్కితే డ్రమ్ము వెనక ప్లేటుతో బిగుసుకుపోతుంది, అంటే బేరింగు వదులు మాయమౌతుంది. అప్పుడు మళ్ళీ ఊపాను, కుడి చక్రం కదలడం ఆగిపోయింది, బేరింగు నట్టు బిగిస్తే చాలు. ఎడమ చక్రం మాత్రం బ్రేకు నొక్కినా "టక్ టక్" అంటూనే ఉంది. "నాన్నా, వదిలెయ్యనా?" అంది. "ఉండమ్మా, ఇంకోసారి" అని చెవి దగ్గర పెట్టి విన్నాను. కింగ్‌పిన్ పోయింది, అనుమానం లేదు. ఆ తర్వాత చక్రాన్ని 9 దగ్గరా 3 దగ్గరా పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఇప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్లో, ఐడ్లర్ ఆర్మో (ఇవి స్టీరింగు తిప్పుడుని చక్రాలకి చేరవేసే కడ్డీల భాగాలు), స్టీరింగ్ బాక్సో. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి, కంటికి కనపడనిది వేలికి తెలుస్తుంది.

స్టీరింగ్ బాక్సు గురించి ఒక హెచ్చరిక. పైనున్న అడ్జస్టింగ్ స్క్రూ తిప్పితే ప్లే పోతుందని అందరికీ తెలుసు. కానీ లోపలి గేరు ఎక్కువగా అరిగేది మధ్యలో, ఎందుకంటే బండి జీవితంలో ఎక్కువ భాగం నేరుగానే పోతుంది. మధ్యలో ప్లే సున్నా అయ్యేదాకా బిగిస్తే పూర్తిగా తిప్పినప్పుడు రెండు చివర్లా పట్టేస్తుంది. యూ-టర్న్ తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాకపోతే ఎక్కువ బిగించారన్నమాట. కొంచెం ప్లే ఉంచుకోవడమే మేలు.

ఇదే రోజు తుప్పు కూడా చూడాలి, వైజాగ్‌లో ఇది వదిలెయ్యడానికి వీల్లేదు. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్నా ఉప్పుగాలి రాత్రంతా బండి మీదే. పద్మినికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. కాబట్టి సస్పెన్షన్ బిగించే చోట రేకు తిన్నదంటే ఎంత మంచి పార్టులు వేసినా దేనికి పట్టుకుంటాయి? స్క్రూడ్రైవర్ తీసుకుని క్రాస్ మెంబర్ (ముందు సస్పెన్షన్ని మోసే అడ్డ దూలం) బిగించిన చోట్లా, ముందు మడ్‌గార్డ్ లోపలి వైపూ గట్టిగా పొడిచి చూడండి. "టింగ్" అంటే పర్లేదు, "బస్" మని లోపలికి దిగితే సస్పెన్షన్ పని ఆపి ముందు వెల్డింగ్ చూసుకోండి. పైన అండర్‌కోటింగ్ నల్లగా మెరుస్తోంది కదా అని నమ్మొద్దు, దాని కిందే తుప్పు హాయిగా పెరుగుతుంది. పాత నట్లు విప్పే ముందు రోజు రాత్రే కిరసనాయిలో, స్ప్రే ఆయిలో కొట్టి ఉంచండి. మనవాళ్ళు చాలామంది తుప్పు పట్టకుండా కింద వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తారు, ఆ పని మాత్రం చెయ్యకండి. రబ్బరు బుష్షులకి నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి.

ఇక కింగ్‌పిన్. నా అనుభవంలో బండి స్వభావాన్ని అన్నిటికన్నా ఎక్కువ మార్చింది ఇదే, ఖర్చు మాత్రం అన్నిటికన్నా తక్కువ. కిట్టులో పిన్నులు, బుష్షులు (పిన్ను తిరిగే చిన్న గొట్టాలు), వాషర్లు వస్తాయి. పాత బుష్షులు తీసి కొత్తవి ప్రెస్సులో ఎక్కించాక వాటిని పిన్నుకి సరిపోయేలా రీమరుతో (రంధ్రాన్ని లోపల సన్నగా గీకే పనిముట్టు) చెక్కాలి, ఇక్కడే లేత్ షాపు మంచిదో కాదో తేలిపోతుంది. పైదీ కిందదీ విడివిడిగా చెక్కితే రెండు రంధ్రాలూ ఒకే గీతలో ఉండవు, పిన్ను పట్టేస్తుంది. పొడవాటి రీమరుతో రెండూ ఒకే దెబ్బలో చెక్కించండి. అయిపోయాక పిన్నుకి కాస్త నూనె రాసి బొటనవేలితో తోస్తే నెమ్మదిగా దిగాలి, దానంతట అది జారి పడకూడదు, సుత్తి అడగకూడదు.

నాకు మొదటిసారి చేసిన చోట ఒక చిన్న పొరపాటు జరిగింది, చిన్నదే గానీ చాలా ఖరీదైంది. బుష్షుకి ఒక రంధ్రం ఉంటుంది, అది సరిగ్గా గ్రీజు నిపిల్ ఎదురుగా రావాలి. వాళ్ళు ఎక్కించింది పక్కకి తిరిగింది. నేను బుద్ధిగా గ్రీజు గన్ను పెట్టి కొడుతుంటే గన్ను గట్టిపడి నిపిల్ పక్కనుంచే బయటికొచ్చేది, నిపిల్ పాడైందేమో అనుకున్నాను. నాలుగు నెలల్లో కొత్త పిన్ను పొడిగా అరిగిపోయి మళ్ళీ "టక్ టక్" మొదలైంది. కాబట్టి షాపులోనే, బండికి బిగించకముందే, గన్ను పెట్టి కొట్టించి చూడండి, బుష్షు పైనుంచీ కిందనుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. వచ్చాకే డబ్బులివ్వండి.

రబ్బరు బుష్షులకి వద్దాం. ఆర్మ్‌ల లోపలి చివర ఉండే ఈ రబ్బర్లు ఏళ్ళ తరబడి ఎండకి బీటలు వారి, ఒక పక్కకి నలిగిపోయి ఉంటాయి. మలుపులో ఆర్మ్ మొత్తం పక్కకి జరుగుతుంది, చక్రం కోణం మారిపోతుంది, మీరు స్టీరింగు తిప్పిన అర సెకను తర్వాత బండి తిరగడానికి కారణం ఇదే. కొత్తవి వెయ్యండి. ఏ మెటీరియల్ అన్న చర్చకి అంతుండదు కాబట్టి నా తీర్పు చెప్పేస్తాను: ఆర్మ్‌లకి ఒరిజినల్ తరహా రబ్బరే, యాంటీ రోల్ బార్‌కి మాత్రం పాలీయూరిథేన్. ఆర్మ్‌లకి కూడా పాలీ వేసుకోవచ్చు, మలుపులో ఇంకా పదునుగా ఉంటుంది కానీ గ్రీజు ఎండితే కిర్రు కిర్రుమంటుంది, మన రోడ్ల గతుకులన్నీ నేరుగా బాడీకి చెబుతుంది. గాజువాక ఆటోనగర్ లేత్ షాపుల్లో నైలాన్ బుష్షులు చేసిస్తామంటారు, వద్దు. నైలాన్ తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, వైజాగ్ వానాకాలంలో అది ఆర్మ్‌ని కదలనివ్వదు.

ఇప్పుడు చెప్పేది బుష్షుల విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, అయినా సగం షెడ్లలో పట్టించుకోరు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించకూడదు. రబ్బరు బుష్షు తిరగదు, మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ స్థానమే దానికి విశ్రాంతి స్థానమౌతుంది, బండి కిందకి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, రోజంతా చేతిని మెలేసి నిలబెట్టినట్టు. కొన్ని నెలల్లో చిరుగుతుంది, పైగా బండి ఉండాల్సిన ఎత్తు కన్నా కాస్త పైన నిలబడుతుంది. అందుకని బోల్టులు వదులుగా పెట్టి, చక్రాలు వేసి, బండిని నేల మీదకి దించి, ముందు బంపరు పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి, ఆ తర్వాత కింద దూరి బిగించండి. చోటు ఇరుకు, నడుం పట్టేస్తుంది, తప్పదు.

షాకబ్జర్లు. పాతవి పోయాయో లేదో చూడ్డానికి మూలని నొక్కి వదిలితే ఒక్కసారి పైకి లేచి ఆగాలి, ఊయలలా ఊగకూడదు. కానీ ఈ పరీక్షలో పాసైనంత మాత్రాన బాగున్నట్టు కాదు, బుష్షులు పట్టేసినా బండి ఊగదు. విప్పి చేతిలో పట్టుకుని చూడ్డమే సరైన పద్ధతి. నిలువుగా పెట్టి లోపలికి నొక్కండి, బయటికి లాగండి, లాగేటప్పుడు ఎక్కువ బలం పట్టాలి. మధ్యలో ఎక్కడైనా ఉన్నట్టుండి ఖాళీగా జారితే నూనె పోయింది. కొత్తవి కూడా బిగించేముందు నిలువుగా పట్టుకుని ఐదారుసార్లు పూర్తిగా లాగి నొక్కండి, దుకాణంలో పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పైకి పోతుంది.

వేరే కారువి, గ్యాస్ షాకబ్జర్లు వేద్దామనుకుంటే ముందు కొలతలు. స్ప్రింగు తీసేసి, కింది ఆర్మ్‌ని జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా లేపి, షాకబ్జరు రెండు బిగింపుల మధ్య దూరం కొలవండి. తర్వాత ఆర్మ్‌ని కిందకి పూర్తిగా వదిలి మళ్ళీ కొలవండి. కొత్తది పూర్తిగా మూసుకున్నప్పుడు మొదటి కొలత కన్నా అర అంగుళమైనా పొట్టిగా ఉండాలి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు రెండో కొలత కన్నా పొడుగుండాలి. ఈ రెండు అంకెలు లేకుండా "సైజు అదే సార్, సరిపోద్ది" అనే మాట మీద కొంటే షాకబ్జరే బంప్ స్టాప్ పని చేస్తుంది, పది రోజుల్లో లీకు.

స్ప్రింగు తియ్యడం గురించి ఒక్క మాట సీరియస్‌గా. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగు తప్పించుకుంటే పళ్ళు, చెయ్యి, ఏది ఎదురొస్తే అది పోతుంది. మంచి స్ప్రింగ్ కంప్రెసర్ అద్దెకి తెచ్చుకోండి, దానికి తోడు స్ప్రింగు చుట్లలోంచి ఒక గొలుసు తీసి క్రాస్ మెంబర్‌కి వదులుగా కట్టండి, కింది ఆర్మ్ కింద జాకీ ఉండగానే బోల్టులు విప్పి జాకీని నెమ్మదిగా దించండి. మొహం ఎప్పుడూ దానికి ఎదురుగా పెట్టొద్దు. ఇంతకుముందు ఎప్పుడూ చెయ్యకపోతే ఈ ఒక్క పనీ మేస్త్రికి వదిలెయ్యండి, పరువేం పోదు.

కొత్త స్ప్రింగులు గట్టివి కావాలంటే కోతతో కాకుండా తీగ మందంతో గట్టిదనం తెచ్చుకోవాలి. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఉదాహరణకి 12 మి.మీ. తీగ బదులు 12.5 మి.మీ. తీగతో, అదే వ్యాసం, అన్నే చుట్లు చుట్టిస్తే 18 శాతం దాకా గట్టిపడుతుంది. అర మిల్లీమీటరుకే! అప్పుడు బండి బరువుకి పాత స్ప్రింగు 100 మి.మీ. నొక్కుకుపోయే చోట కొత్తది 85 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఎత్తు మారకూడదంటే విడి పొడవు (బరువు లేనప్పటి పొడవు) 15 మి.మీ. తగ్గించి చుట్టమనాలి. స్ప్రింగులు చుట్టేవాళ్ళకి ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసిచ్చి, నమూనా కూడా ఇవ్వండి. నేనైతే చివరికి ఒరిజినల్ కొలతలవే వేసుకున్నాను, అరకు ఘాట్ రోడ్డుకి కూడా అవి చాలాయి. రెండు పక్కలా విడి పొడవు ఒకటే ఉందో లేదో పక్కపక్కన నిలబెట్టి చూడ్డం మర్చిపోకండి, డ్రైవర్ వైపుది ఎప్పుడూ కాస్త ఎక్కువ కుంగి ఉంటుంది.

యాంటీ రోల్ బార్ ఆఖరున. బుష్షులూ లింకులూ కొత్తవి వేసి ముందు అలాగే నడిపి చూడండి, సగంమందికి అక్కడే సరిపోతుంది. ఇంకా ఒరుగుతోందనిపిస్తే మందం పెంచొచ్చు, ఇక్కడ కూడా నాలుగో ఘాతమే, 18 మి.మీ. బార్ బదులు 20 వేస్తే 52 శాతం గట్టి. అందుకే ఒక్కో సైజు మాత్రమే పెంచండి. ముందు బార్ మరీ గట్టిదైతే మలుపులో బయటి ముందు టైరు ఒక్కదాని మీదే భారమంతా పడి, స్టీరింగు తిప్పినా ముక్కు నేరుగా పోతుంది, అంటే ఏ జబ్బుకి మందు వేశామో అదే పెరుగుతుంది. మామూలు ఇనప రాడ్డు వంచి చేసిచ్చేవాళ్ళుంటారు. గట్టిదనంలో స్ప్రింగు స్టీలుకీ దానికీ తేడా దాదాపు ఉండదు, కానీ ఒక పెద్ద గోతిలో పడగానే మామూలు ఇనుము వంగి అలాగే ఉండిపోతుంది. స్ప్రింగు స్టీలే కావాలి, దాని మీద వెల్డింగు చుక్క కూడా పడకూడదు.

టైర్ల సంగతి: ఇంకా పాత నైలాన్ టైర్ల మీద నడుపుతుంటే పైన చెప్పిన వాటిలో సగం చెయ్యకముందే రేడియల్స్ వేసి చూడండి. పాత 5.20-14 టైరుకి దగ్గరగా ఉండేది 155/80 ఆర్14, దాని వ్యాసం 604 మి.మీ. వస్తుంది, స్పీడోమీటరు పెద్దగా తప్పదు. ఇంకా వెడల్పువి వేస్తే పార్కింగులో స్టీరింగుతో కుస్తీ పట్టాలి. నాలుగూ ఒకే రకం ఉండాలి, రెండు రేడియల్, రెండు నైలాన్ అని కలపొద్దు.

అలైన్‌మెంట్ మిషన్లున్న చోట ఈ బండి డేటా కంప్యూటర్లో ఉండదు, కుర్రాళ్ళు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) ఒక్కటి చూసి పంపించేస్తారు. ఇంట్లో చేసుకోవచ్చు, ఓపికుంటే చాలు. చదునైన చోటు కావాలి, తాపీమేస్త్రులు వాడే ట్యూబ్ లెవెల్‌తో నాలుగు చక్రాల కిందా మట్టం చూసుకోండి. ముందు చక్రాల కింద రెండేసి టైల్స్ ముక్కలు, మధ్యలో గ్రీజు రాసి పెడితే చక్రం సాఫీగా తిరుగుతుంది. డ్రైవర్ సీట్లో పాతిక కేజీల బియ్యం బస్తాలు మూడు పెట్టండి, మీ బరువుకి బదులు. మా అమ్మ ఆ బస్తాలు లెక్క పెట్టుకునే ఇచ్చింది. బండిని ముందుకీ వెనక్కీ ఒకసారి తోసి, నొక్కి వదిలి, అప్పుడు కొలవడం మొదలుపెట్టాలి.

వరస ఇది: ముందు క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం), తర్వాత క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), చివర టో. క్యాంబర్ మారిస్తే టో మారిపోతుంది కాబట్టి టో ముందు చేస్తే ఆ శ్రమ వృథా. క్యాంబర్‌కి గుండు దారం చాలు. రిమ్ము పై అంచు పక్కనుంచి దారం వేలాడదీసి, పై అంచుకీ దారానికీ ఎంత, కింది అంచుకీ దారానికీ ఎంత అని కొలవండి. 14 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి 380 మి.మీ. ఉందనుకుంటే, తేడా 3.3 మి.మీ. వస్తే అర డిగ్రీ, 6.6 వస్తే ఒక డిగ్రీ. నేను పై అంచు లోపలికి వాలేలా అర డిగ్రీ నెగటివ్ పెట్టుకున్నాను, మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి టైరు అప్పటికి నిటారుగా నిలబడుతుంది. షిమ్ములు (సందులో పెట్టే పల్చటి రేకు ముక్కలు) ఎక్కడ, ఎన్ని వెయ్యాలో మీ బండి మాన్యువల్ చూసి, ఒక్కోటే మార్చండి. క్యాస్టర్ పెంచితే హైవే మీద నేరుగా పోతుంది, మలుపు తర్వాత స్టీరింగు తిరిగొస్తుంది, కానీ బరువెక్కుతుంది, మనకి పవర్ స్టీరింగు లేదని గుర్తుంచుకోండి. టో కోసం బండికి రెండు వైపులా చక్రాల మధ్య ఎత్తులో సమాంతరంగా దారాలు కట్టి, రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ దారం నుంచి దూరం కొలిస్తే తెలిసిపోతుంది. నాది మొత్తం మీద 2 మి.మీ. లోపలికి.

పరీక్షకి ఒకే రోడ్డు, ఒకే స్పీడు, చల్లటి టైర్లలో ఒకే గాలి. ఒకసారికి ఒకటే మార్పు, నోటు పుస్తకంలో రాసుకోవాలి, లేకపోతే నాలుగు మార్పులు చేసి ఏది పనిచేసిందో తెలియక తల పట్టుకుంటాం. నేను పొద్దున్నే రుషికొండ దాటి భీమిలి రోడ్డు పట్టుకుంటాను, తొట్లకొండ పరిసరాల్లో మలుపులు మృదువుగా ఉంటాయి, ట్రాఫిక్ మొదలవకముందే ఇంటికొచ్చేస్తాను. ఘాట్ రోడ్డు మాత్రం అన్నీ బిగించి రెండు వారాలు నడిపాకే. డ్రమ్ బ్రేకులని కూడా మర్చిపోవద్దు. సస్పెన్షన్ బాగుపడ్డాక మీకు తెలియకుండానే మలుపుకి ఇంకో పది స్పీడు ఎక్కువతో వెళతారు, దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకులకి ఆ సంగతి తెలియదు. సెకండ్ గేరులోనే దిగండి.

అంతా అయ్యాక నాన్నని ఎక్కించుకుని ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళాం, కొత్త బండికి చేయించినట్టే పూజ చేయించాం, చక్రాల కింద నిమ్మకాయలు కూడా. తిరిగొచ్చేటప్పుడు ఆయన నడుపుతానన్నారు. సిరిపురం దగ్గర తిప్పుతూ, "పవర్ స్టీరింగ్ ఏమైనా పెట్టించావేంట్రా?" అన్నారు. గ్రీజు నాన్నా, గ్రీజు అన్నాను.

కాగితాల విషయం కూడా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. అరిగిన బుష్షులు, కింగ్‌పిన్, షాకబ్జర్లు అదే రకంవి వేసుకోవడం రిపేరు కిందకే వస్తుంది. ముందు సస్పెన్షన్ మొత్తం పీకేసి ఇంకో కారుది వెల్డింగ్ చెయ్యడం వేరే సంగతి, అది నేను చెయ్యమనను కూడా. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి రెన్యూవల్ ఉంటుంది, ఆర్టీఓ దగ్గర బండిని చూస్తారు. 50 ఏళ్ళు దాటిన బండి ఉన్న అదృష్టవంతులు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళొచ్చు, కానీ చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులుంటే ఇవ్వరు. కాబట్టి పాత పార్టులు పారెయ్యకుండా గోనెసంచిలో దాచుకోండి.

200 కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టూ మళ్ళీ చూడాలి. కొత్త రబ్బరు, కొత్త షిమ్ములు సర్దుకుంటాయి, బిగువు తగ్గుతుంది. నాకు ఎడమ కింది ఆర్మ్ నట్టు కాస్త వదులైంది, అది ఊడిపోకుండా అడ్డుండే కాటర్ పిన్ను ఉంది కాబట్టి బతికిపోయాను. పాత కాటర్ పిన్నులు సరిచేసి మళ్ళీ వాడొద్దు, ప్యాకెట్టు పూర్ణామార్కెట్టులో టీ ఖర్చుకి దొరుకుతుంది. బీచ్ రోడ్డుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ కింద మంచినీళ్ళతో కడగండి, నెలకోసారి నిపిళ్ళకి గ్రీజు కొట్టండి. నాకింకా ఐడ్లర్ ఆర్మ్ బుష్షు మిగిలింది, సామాను తెచ్చి పెట్టుకున్నాను, వచ్చే ఆదివారం వాన పడకపోతే అది కూడా అయిపోతుంది.